అడిగి రాసే లేఖరి

ఆయన పేరు నేనెప్పుడూ అడగలేదు. రిజిస్ట్రారాఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో దస్తావేజులు రాసేవాడు. ప్రతి అమ్మకం కాగితంలోనూ ‘నా ఇష్టపూర్తిగా, ఎవరి బలవంతమూ లేకుండా’ అనే మాట ఉంటుంది. మిగతా లేఖరులు అడక్కుండానే రాసేసే ఆ మాట దగ్గర ఆయన కలం ఆపి, అమ్మేవాళ్లని అడిగేవాడు.

భోగాపురం వైపు భూముల ధరలు పెరిగిన రోజులవి. పెదనాన్న పోయాక పెద్దమ్మకి మిగిలిన జీడితోటని అమ్మించాలని మా నాన్న పట్టుబట్టాడు. ముగ్గురం ఆ లేఖరి దగ్గరికెళ్లాం.

“అమ్మా, నీకిష్టమయ్యే అమ్ముతన్నావా?” అని అడిగాడాయన.

పెద్దమ్మ తల దించుకుంది. “నాకిష్టం నేదు బాబూ. మా మరిది అమ్మమంటన్నాడు.”

“నీ పని రాయడం. రాయవయ్యా!” అన్నాడు నాన్న.

“ఆవిడ ఒప్పుకోకుండా ఈ ముక్క నాను రాయను,” అని కాగితం తిరిగిచ్చేశాడు.

వారం తిరక్కుండా నాన్న ఇంకొకరి దగ్గర కంప్యూటర్లో కాగితం తీయించాడు. ఆ మాట అందులో ముందే అచ్చయి ఉంది. ఇష్టమేనా అని ఎవరూ అడగలేదు, పెద్దమ్మ వేలిముద్ర వేసింది. సాక్షి సంతకం నేను చేశాను.

బయటికొస్తుంటే రేకుల షెడ్డులోంచి ఆయన నన్ను పిలిచాడు.

“ఏటి బాబూ, ఈసారి ఆవిడ ఒప్పుకున్నాదా?”

“ఒప్పుకుంది,” అన్నాను.

ఆయన నమ్మాడు. పెద్దమ్మ ఎండలో నిలబడి ఉండటం చూసి, తన కుర్చీ తెచ్చి ఆమెకి వేశాడు.