ఆరిన అడ్డపొగ

దాలమ్మ అడ్డపొగ పీలిస్తే చూడాలి. చుట్ట ముట్టించి, నిప్పున్న కొనను నోట్లోకి తిప్పి పెదాలు బిగిస్తుంది. నిప్పు లోపల, బూడిద లోపల; బయటికి వచ్చేవి ఆవిడ చీవాట్లే. రాజాం దగ్గర వాళ్ల ఊళ్లో నాట్లేసే ఆడవాళ్లు వానకు నిప్పు ఆరకుండా ఇలాగే పీలుస్తారు. నలభై ఏళ్లలో దాలమ్మ నోట్లో ఒక్కనాడూ నిప్పు ఆరింది లేదు.

మొన్న మంగళవారం ఆరింది.

గాలి లేదు, వాన లేదు. వాకిట్లో బియ్యం చెరుగుతుంటే నాలుకకు చల్లటి బూడిద తగిలింది. మళ్లీ ముట్టిస్తే మళ్లీ ఆరింది. బుధవారమూ అంతే.

మొగుడు జోగయ్య పోయి తొమ్మిదేళ్లు. చివర్లో అతని నోరు లోపలంతా పెరుగు పూసినట్టు తెల్లబడింది. ఒక్క దమ్ము అని బతిమాలితే తనే చుట్ట ముట్టించి పెట్టింది. మూడు రోజులు వరసగా ఆరిపోయింది. "నోట్లో నిప్పారితే ఇంకేటున్నాదే, మట్టే" అన్నారు ముసలమ్మలు. దాలమ్మ నమ్మింది. ఆసుపత్రి మాట మానేసి, తులసి నీళ్లు పట్టుకుని పక్కన కూర్చుంది. నాలుగోనాడు పోయాడు. అతనికి హెచ్‌ఐవీ అనీ, తనకూ ఉందనీ తర్వాత తెలిసింది.

అప్పట్నుంచీ రోజూ మాత్రలు మింగుతూ గుండ్రాయిలా ఉంది. ఈ ఏడు నాట్ల తొందరలో వాటిని మానేసి, మళ్లీ మొదలుపెట్టలేదు. ఇప్పుడు అద్దంలో నోరు తెరిస్తే అక్కడ జోగయ్య నోరుంది. అదే తెలుపు.

గురువారం కూడా చుట్ట ఆరింది. దాలమ్మ కోడలు రాజకుమారిని పిలిచి, "రేపు మీ మావొస్తాడే. నన్నెక్కడికీ తీసికెళ్లకండి" అని, కొత్తచీర తీసి తలాపున పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. మిట్టమధ్యాహ్నం ఇల్లంతా చుట్టవాసన. ముట్టించినవాళ్లెవరూ లేరు. రాజకుమారికీ ఆ వాసన తగిలింది.

బెదిరింది గానీ బుర్ర తక్కువ పిల్ల కాదు. మాత్రలిచ్చే కేంద్రంలో పనిచేసే షీబాకు ఫోను చేసింది. శుక్రవారం పొద్దున్నే షీబా స్కూటీ దిగి, ఫోను లైటు వేసి, "నోరు తెరువు, అత్తా" అంది.

"ఎందుకు పాపా? ఈయేళ నాలుగోనాడు."

"నాలుగూ లేదు, నలభై లేదు. మాత్రలు మానీసినావు, నోట్లో బూజులాంటి జబ్బు పట్టీసింది. పెదాల మూలలు పగిలిపోనాయి సూడు. పెదాలు మూయలేకపోతే పొగెలాగ లాగుతావు, నిప్పెలాగుంటాది? పద, డాక్టరుగారు సూడాల. మందేస్తే తగ్గిపోతాది. సుట్ట మాత్రం ఇంక ముట్టకు."

దాలమ్మ నాలుకతో పెదాల మూలలు తడుముకుంది.

"మరి మీ మావకీ ఇదేనా?" అని అడిగింది.

షీబా లైటు ఆర్పేసింది. "అప్పుడెవరైనా సూసుంటే తెలిసేది, అత్తా."

"ఎవురూ సూడలేదమ్మా. నిప్పారిందని నేనే కూకుండిపోనాను." దాలమ్మ కొత్తచీరలో మొహం దాచుకుని భోరుమంది. మొగుడు పోయిననాడు కూడా అంత ఏడవలేదు.

రెండు వారాలు మందు వాడితే తెలుపు పోయి నోరు మళ్లీ ఎర్రబడింది. మాత్రలూ మళ్లీ మొదలుపెట్టింది. పప్పన్నంలోకి కారం నంజుకుని కడుపునిండా తిన్న సాయంత్రం, ఇంట్లో మిగిలిన ఒక్క చుట్టనూ అగ్గిపుల్ల గీసి ముట్టించింది. నోట్లో పెట్టుకోలేదు. జోగయ్య కూర్చునే అరుగు అంచున పెట్టింది.

"నువ్వు కాల్సుకో మావా. నేనిప్పుడే రాను."

లాగేవాళ్లు లేకపోతే చుట్ట ఆరిపోవాలి. అది కొసదాకా కాలింది.