పెండింగులో ఏవీ లేవు

రాజధాని మారినప్పుడు కర్నూలు నుంచి ఫైళ్ల మూటలతో పాటు హైదరాబాదులో దిగినవాణ్ణి నేను. వాణిజ్య వ్యవహారాలు చూసే ఒక శాఖలో ఉద్యోగం. శాసనసభలో సభ్యులు వేసే ప్రశ్నలకు మంత్రిగారు చదవాల్సిన జవాబులు రాయడం నా పని. రాజ్యం నేనే ఏలుతున్నట్టు మెడ నిక్కించుకుని తిరిగేవాణ్ణి. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

నాంపల్లిలో మా ఇంటి యజమాని ఏళ్ల తరబడి నూలు వ్యాపారి. స్టేషను దగ్గర సందులో కొట్టు. లైసెన్సు గడువు తీరి ఏడాదైంది. కొత్తదానికి పెట్టిన దరఖాస్తు మా శాఖలోనే మూలుగుతోంది. నాది ఆ శాఖేనని మాత్రం ఆయనకు చెప్పలేదు. లైసెన్సు లేక కొట్టు మూసేసుకున్నాడు. చివరికి ఆయనకు తెలిసిన సభ్యుడొకాయన సభలో ప్రశ్న వేశాడు: నూలు లైసెన్సుల దరఖాస్తులు పెండింగులో ఉన్న మాట నిజమేనా?

నిజమే. ఒప్పుకుంటే మంత్రిగారికి చిన్నతనం, మా అధికారికి చివాట్లు. ఆ అధికారి మహానుభావుడు ఆబిడ్స్‌లో కుట్టించిన కోటు సర్దుకుని, “ఉన్నవన్నీ తిరస్కరించేయండి. ఇక పెండింగు ఎక్కడిది?” అన్నాడు. ఇది మా దగ్గర ఆనవాయితీయే. దానికి పరిపాలనా దక్షత అని పేరు కూడా పెట్టుకున్నాం, సిగ్గులేని వాళ్లం. సాయంత్రంలోగా అందరం తలా కొన్ని దరఖాస్తులు పంచుకుని తిరస్కార ఉత్తర్వులు రాశాం. మా యజమానిది నా వాటాకే వచ్చింది. కనీసం నోరు విప్పి ఆయన సంగతి చెప్పాల్సింది. చెప్పలేదు, రాసి పారేశాను.

మర్నాడు ఆయనకు సభ చూసే పాసు ఇప్పించింది కూడా నేనే. మంత్రిగారు లేచి, “పెండింగులో ఏవీ లేవు” అని చదివి కూర్చున్నారు. బయటికి రాగానే ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

“పెండింగ్ లేవన్నరు సార్! అంటే మంజూరైనట్టే గదా?”

“ఉత్తర్వు వస్తుంది లెండి సేట్‌జీ” అన్నాను. ఆ మర్నాడే ఆయన కొట్టుకు సున్నం వేయించాడు.

వారానికి ఉత్తర్వు వచ్చింది. ఇంగ్లీషులో ఉంది, కింద మా అధికారి సంతకం. ఆయనకు ఉర్దూ, తెలుగు తప్ప రావు. నాతోనే చదివించుకున్నాడు. నేను రాసిన వాక్యాలనే, ఎవడో ముక్కూమొహం తెలియనివాడు రాసినట్టు, ఒక్కొక్కటీ తెలుగులో చెప్పాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఎవడు రాసిండో గానీ దిల్ లేనోడు. గాడ మీరే ఉంటే గిట్ల కానిచ్చెటోళ్లా సార్?”

“కానిచ్చేవాణ్ణి కాదు” అన్నాను.