ఓడలో అప్పగింతలు

కరోనా కాస్త సద్దుమణిగాక సూరత్ నుంచి డయ్యూకి ఓడలో వెళ్లాం. మూడేళ్ల పాపను పిల్లల గదిలో ఆయాకు అప్పగించి, భోజనం చేసి వచ్చేసరికి పాప లేదు.

"మీ చుట్టం తీసుకెళ్లింది. మీ భాషే మాట్లాడింది," అంది ఆయా హిందీలో, తాపీగా. మాస్కు నా నోటిని మూసింది గానీ తిట్లను మూయలేకపోయింది.

పైన డెక్కు మీద, మరమగ్గాల పనికొచ్చి సూరత్‌లో స్థిరపడ్డ సిరిసిల్ల ఆవిడ ఒకరి ఒళ్లో కూర్చుని పాప పెరుగన్నం తింటోంది.

"ఎవరినడిగి తెచ్చారు?" అని అరిచాను.

"ఏడ్సే పిల్లను ఎత్తుకునేటందుకు మా గల్లీల ఎవల్నీ అడగం. ఇచ్చేటప్పుడే అడుగుతం. జర మాస్కు తియ్యి చెల్లె, పోరి గుర్తువడితేనే ఇస్త."

నా బిడ్డకు నేను రుజువు చూపించాలా! ఒళ్లు మండి మాస్కు లాగేశాను.

ఆ కోపపు ముఖాన్ని పాప వెంటనే గుర్తుపట్టింది.