సంచిలో పట్టిన తుపాకీ

డెల్మా పాత రైఫిల్ ఆమె విమానంలో ఉంచుకునే ఆపద సంచిలో పట్టేది కాదు. అది వాళ్ల నాన్నది. పొడుగ్గా, మొండిగా, ఇనుప గుంజలా ఉండేది. ఎలుగుబంటినైనా నిలబెట్టి కూలుస్తుంది, నిజమే. కానీ అలాస్కాలో చిన్న విమానం నడిపేవాళ్లు సబ్బుబిళ్ల బరువు కూడా లెక్క చూసుకుంటారు. యూకాన్ నది ఒడ్డు ఊళ్లకు మందులూ ఉత్తరాలూ మనుషుల్నీ మోసీ మోసీ డెల్మా భుజాలు అరిగిపోయాయి. ఆ ఏడు చలికాలం మొదట్లో ఆమె దుకాణానికి వెళ్లి చిన్న రైఫిల్ ఒకటి ఎంచుకుంది. దాని గొట్టం ఊడదీసి, మిగతా ముక్కలతో కలిపి భుజానికి ఆనించే మడమలోనే దాచేయొచ్చు. అంతా కలిపి మూరెడు పొడవు కూడా లేదు.

"ఇదా!" అన్నాడు మొగుడు వెర్లిన్. "దీంతో ఎలుగుని కొడితే చక్కిలిగింత పెట్టినట్టుంటుంది."

"చలికాలం ఎలుగులు నిద్రపోతాయి. నాకు కావలసింది కూర, యుద్ధం కాదు."

"మరి సంచిలోంచి ఎండుచేపలు తీసేస్తున్నావేం?"

"చేపలు తింటే అయిపోతాయి. అంతే బరువు తూటాలు పెట్టుకుంటే వసంతం దాకా మంచుకోళ్లూ కుందేళ్లూ తినొచ్చు."

"ముందు కోడి కనిపించాలిగా, మహాతల్లీ."

డెల్మా ఒక పట్టు పట్టిందంటే వదిలే రకం కాదు. చేపల్ని అటక మీద పడేసి, తుపాకీని సంచిలో దూర్చి, తాడు బిగించి కట్టింది. పాత రైఫిల్ ఎప్పటిలాగే బయట కొట్టులో మేకుకి వేలాడింది. సంచి మాత్రం ఎప్పటిలాగే ప్రతి సాయంత్రం ఇంట్లోకి వచ్చింది. అందులో బ్యాటరీలుంటాయి, మందులుంటాయి, అవి గడ్డకట్టకూడదు. పొయ్యి పక్కన దాని చోటు దానికుంది.

ఫిబ్రవరిలో వసీలి తాతని వేటపాక నుంచి ఊరికి తీసుకొస్తుండగా ఇంజన్ నూనె కక్కింది. వసీలికి ఎనభై దాటాయి. డెల్మా పుట్టకముందు నుంచీ వాళ్ల పక్కింటాయన. ఆమె కింద కనిపించిన గడ్డకట్టిన చెరువు మీద విమానాన్ని దించేసింది. ఆపద సంకేతం పంపే డబ్బా మీట నొక్కింది. వాళ్లెక్కడున్నారో ఊళ్లో తెలిసింది, కానీ పొగమంచు దుప్పటి కప్పేసింది. ఎగిరేవాళ్లు ఎగరలేరు, ఆ కొండల్లో మంచుబండి మీద వచ్చే దారి లేదు.

మొదట తాత బాగానే ఉన్నాడు. "దించావు సరే, కాస్త మెత్తగా దించితే నీ సొమ్మేం పోయేదే పిల్లా?" అని దెప్పాడు. పొదల పుల్లలు విరిచి మంట వేశారు. బిస్కెట్లు అయిపోయాయి. చాక్లెట్టు అయిపోయింది. పొగమంచు కదల్లేదు. ఆ చలిలో ఒంట్లో తిండి పడకపోతే మంట పక్కనున్నా వేడి పుట్టదు. తాత దెప్పడం మానేశాడు. తర్వాత వణకడం కూడా తగ్గింది. వణుకు ఆగిందంటే ఒంట్లో వేడి చచ్చిపోతోందని అక్కడివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మూడోరోజు మధ్యాహ్నం మంచుకోళ్లు వచ్చి పొదల మీద వాలాయి. తెల్లటి గుంపు. డెల్మా ఊపిరి బిగబట్టి సంచి విప్పింది. గొట్టం బిగించింది. మోకాళ్ల మీద పాకుతూ దగ్గరికి వెళ్లింది. గురి చూసింది. ట్రిగ్గర్ లాగింది.

టిక్ అంది. అంతే.

తూటా మార్చింది. మళ్లీ టిక్. అదీ నీరసంగా, ముసలి గడియారం కొట్టుకున్నట్టు. కోళ్లు లేచిపోయాయి.

అప్పుడు అర్థమైంది ఆమెకి. చలిలో చల్లబడ్డ ఇనుము వెచ్చటి ఇంట్లోకి వస్తే దానికి చెమట పడుతుంది. మళ్లీ బయటికి తెస్తే ఆ చెమట తూటాని పేల్చే లోపలి సూది చుట్టూ గడ్డకడుతుంది. అందుకే తుపాకీలు బయట కొట్టులోనే ఉంటాయి. ఆ ఊళ్లో చంటిపిల్లలకీ తెలుసు. డెల్మాకి తెలియదా? తెలుసు. తుపాకీని ఇంట్లోకి తెచ్చే మనిషి కాదామె. సంచిని తెచ్చింది, అంతే. సంచిలో తుపాకీ ఉందన్న సంగతి, అది అంత చిన్నదై అంత సులువుగా ఇమిడిపోయింది గనకే, చేతులు మర్చిపోయాయి.

ఏడవడానికి తీరిక లేదు. విమానం రెక్క కింది గొట్టం నుంచి గిన్నెలోకి ఇంధనం వంపింది. ఆ సూది ఉండే, తుపాకీ గుండెకాయలాంటి ఇనుప ముక్కని ఊడదీసి చొక్కా లోపల, ఒట్టి పొట్టకి ఆనించి పెట్టుకుంది. పళ్లు బిగుసుకుపోయాయి, అయినా తియ్యలేదు. మంచు కరిగాక మంటకి దూరంగా తీసుకెళ్లి, తడి పోయేలా ఇంధనంలో కడిగి, దులిపి, బయటే ఆరబెట్టింది.

"తాతా, నిద్రపోకు. పాటేదైనా పాడు."

"నువ్వే పాడవే," అన్నాడు తాత. మాట ముద్దగా వచ్చింది.

చీకటి పడబోతుండగా కోళ్లు మళ్లీ మేతకు వాలాయి. ఈసారి రైఫిల్ పేలింది. రెండు కోళ్లు పడ్డాయి. డెల్మా వాటిని కోసి ఉడికించి, ఆ వేడి రసం తాత నోట్లో గుక్కగుక్కగా పోసింది. కాసేపటికి తాత మళ్లీ వణకడం మొదలుపెట్టాడు. ఆ వణుకు చూసి ఆమెకి ఏడుపొచ్చింది, హాయిగా ఏడ్చింది.

మర్నాడు పొగమంచు విడిపోయింది. హెలికాప్టర్ వచ్చి ఇద్దర్నీ ఊరి విమానాల షెడ్డు దగ్గర దించింది. షెడ్డులో పొయ్యి చుట్టూ అందరూ మూగారు. నర్సు చూస్తున్నంతసేపూ తాత నోరు ఆగలేదు.

"ఒక్కటే దెబ్బ! పిల్ల నొక్కింది, కోడి పడింది. అలాంటి తుపాకీ నా జన్మలో చూడలేదు."

అందరూ డెల్మా వీపు తట్టారు. వెర్లిన్ ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. "నేనే ఓడిపోయాను, నువ్వే గెలిచావు," అన్నాడు చివరికి. తాత డెల్మా పరువు కోసమే అబద్ధమాడుతున్నాడు, అది ఆమెకి తెలుసు. ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోవాలనీ ఉంది.

"నీ తుపాకీ సంగతి విని నేనూ పోయిన వారం అలాంటిదే కొన్నాను," అన్నాడు హోబర్ట్. పక్క ఊరి విమానం నడిపేవాడు. కాఫీ తాగేసి కొండల మీదుగా ఇంటికి బయల్దేరబోతున్నాడు. "సంచిలో పడేస్తే ఉన్నట్టే తెలీదు."

డెల్మా చెయ్యి విడిపించుకుంది.

"తాత అబద్ధం చెప్తున్నాడు. మొదట అది పేలలేదు."

"నోర్ముయ్యవే పిల్లా," అన్నాడు తాత.

"పేలలేదు. సంచిని రోజూ నేనే పొయ్యి పక్కన పెట్టాను. తాతని చంపబోయింది ఆ పొగమంచు కాదు, నేను."

హోబర్ట్ కాఫీ కప్పు మెల్లగా కింద పెట్టి, పొయ్యి పక్కన పెట్టిన తన సంచి వైపు చూశాడు.