మస్తాన్ చెక్కిన కళ్ళజోడు

1984లో నేను ఆత్మకూరులో ఒక కంటి డాక్టరు గారి దగ్గర రిఫ్రాక్షనిస్టుగా ఉండేదాన్ని. అంటే ఎవరి కంటికి ఏ నంబరు అద్దం కావాలో చూసి రాసిచ్చే పని. ప్రతి బుధవారం పొద్దున్నే బస్సెక్కి ఉదయగిరి వెళ్ళి, ఒక అద్దె గదిలో గోడకు అక్షరాల చార్టు తగిలించుకొని కూర్చునేదాన్ని. నేను డాక్టరును కాదు మొర్రో అని ఎంత మొత్తుకున్నా అక్కడ అందరికీ డాక్టరమ్మనే. ఇరవై ఎనిమిదేళ్ళ వయసు, ముక్కు మీద కోపం, పైగా నా పనిలో తప్పు దొర్లదన్న పొగరు. ఇవన్నీ కలిసి ఆ ఏడాది ఒక తొమ్మిదేళ్ళ పిల్లను ఏడిపించాయి.

ఆ పిల్ల పేరు షమీమ్. తండ్రి మస్తాన్ కొయ్యతో గరిటెలు, స్పూన్లు చెక్కే పనివాడు. ఉదయగిరిలో చాలా ముస్లిం కుటుంబాలకు అదే బతుకుతెరువు. నాలుగో తరగతి పిల్ల బోర్డు మీద ‘ప’ ఉంటే ‘వ’ అంటోందని, ‘ష’ ఉంటే బిక్కమొహం వేస్తోందని తీసుకొచ్చాడు.

“బడిలో సారు మొద్దు అంటా ఉండాడమ్మా. ఇంట్లో చూస్తే శానా తెలివి. మా ఇంటామె బడి మానిపించి స్పూన్లు రుద్దే పనిలో పెడదామంటా ఉండాది. నాకే మనసొప్పలా” అన్నాడు.

రెటినోస్కోప్ తీసి చూశాను. కంట్లోకి వెలుగు గీతను పంపి, అది లోపల కదిలే తీరును బట్టి నంబరు తేల్చే పరికరం అది. రెండు కళ్ళకూ ఆస్టిగ్మాటిజం, అదీ గట్టిగానే ఉంది. ఈ లోపం ఉన్నవాళ్ళకు ఒక వైపు గీతలు కాస్త తెలుస్తాయి, ఇంకో వైపు గీతలు అలుక్కుపోతాయి. మన అక్షరాలన్నీ మెలికలే కదా, పాపం ఆ పిల్లకు ఏది ఏదో ఎలా తెలుస్తుంది? దీనికి సిలిండర్ అని వేరే రకం అద్దం ఉంటుంది. అద్దాలు మార్చి మార్చి చూసే ట్రయల్ ఫ్రేమ్ పెట్టి అందులో ఆ అద్దాలు వేయగానే షమీమ్ కిటికీలోంచి బయటికి చూసింది.

“కొండ మీద రాళ్ళు యాడికాడికి కనపడతా ఉండాయే!”

మస్తాన్ కళ్ళు తుడుచుకున్నాడు. “ఏం జబ్బమ్మా ఇది?” అని అడిగాడు. బయట పదిహేను మంది కాచుకొని ఉన్నారు. కొయ్యపని చేసుకునే మనిషికి ఇదంతా విడమరిచి ఏం లాభం అనుకున్నాను. రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. “జబ్బూ లేదు, గిబ్బూ లేదు. అద్దాలు పెడితే సరిపోతుంది. నిద్రపోయేటప్పుడు తప్ప తీయకూడదు. ఈ వయసులో పెట్టకపోతే ఆ చూపు మందగించిపోతుంది, తరవాత ఎంత మంచి అద్దాలు పెట్టినా పూర్తిగా రాదు” అని మాత్రం చెప్పి పంపేశాను.

వారానికల్లా అద్దాలు తయారై వచ్చాయి. నెలన్నర పాటు పిల్ల బాగానే ఉంది. ఆ తరవాత ఒక బుధవారం తండ్రీ కూతుళ్ళు మళ్ళీ వచ్చారు. ఆటలో పడి ప్లాస్టిక్ ఫ్రేమ్ రెండు ముక్కలైందట. అద్దాలు మాత్రం దక్కాయి. మస్తాన్ ఊరుకుంటాడా, తను గరిటెలకు వాడే నర్ది చెక్కతో సొంతంగా ఫ్రేమ్ చెక్కి అద్దాలు బిగించాడు. అబ్బ, ఏం పనితనం! చెవుల వెనక వంపు కూడా ఎక్కడా గుచ్చుకోకుండా నున్నగా తీశాడు. నేను అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయాను.

“బాగుండాది గానీ, పెట్టుకుంటే నేల ఒక పక్కకు ఒరిగిపోతా ఉండాది. తలకాయ నొప్పి. వాంతొస్తాది” అంది షమీమ్.

పెద్దవాళ్ళకు కొత్తగా సిలిండర్ ఇచ్చినప్పుడు ఈ మాట రోజూ వింటాం. మెట్లు ఏటవాలుగా ఉన్నాయంటారు, తలుపులు వంగాయంటారు. వారం పది రోజులు ఓపిక పడితే చాలామందికి సర్దుకుంటుంది. కానీ ఈ పిల్ల నెలన్నర సుఖంగా పెట్టుకుంది కదా! నా ట్రయల్ ఫ్రేమ్‌లో అదే నంబరు వేసి చదివించాను. గడగడా చదివింది. ఇంకేముంది, తీర్పు చెప్పేశాను.

“నంబరు మారలేదు. ఈ అద్దాల్లో కనపడేది ఆ అద్దాల్లో ఎందుకు కనపడదు? బడిలో పిల్లలు వెక్కిరిస్తున్నారని అబద్ధాలాడుతోంది మస్తానూ.”

షమీమ్ నన్నే చూసింది.

రెండు వారాల తరవాత మస్తాన్ వచ్చి ఆ కళ్ళజోడు నా బల్ల మీద పెట్టాడు. వెనక షమీమ్ తల దించుకొని నిలబడింది.

“వద్దులేమ్మా ఇంక. పెట్టుకోమంటే తీసి బియ్యం డబ్బాలో దాస్తా ఉండాది. అబద్ధమని మీరే అంటిరి గదా, నిన్న రెండు దెబ్బలేసినాను. పుట్టినప్పటి నుంచి దీని మీద చెయ్యెత్తిన వాణ్ణి కాదు. రేపటి నుంచి బడికి పంపీను.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “పంపవా? దీని చూపు పోగొడతావా?” అని లేచాను. అతని సంచిలో అంగడికి వేయడానికి తెచ్చిన స్పూన్ల కట్ట ఉంది. అందులోంచి ఒకటి లాగి అతని చేతిలో పెట్టాను.

“ఈ గుంటలో పొడుగునా వేలు పెట్టి చూడు. వంపు తక్కువ కదా? ఇప్పుడు అడ్డంగా చూడు. ఎక్కువ కదా? మామూలు కన్ను బంతిలా ఏ పక్క చూసినా ఒకటే వంపు. నీ కూతురి కన్ను ఇదుగో, ఈ గుంటలాగా ఉంది. అందుకే అద్దంలో కూడా ఒక పక్కే పవరు పెట్టించి, కంటి వంపుకు సరిగ్గా కుదిరేలా నిలబెట్టాం. ఎటు నిలబెట్టాలో దాన్ని యాక్సిస్ అంటారు. అర్థమైందా?”

మస్తాన్ ఆ గుంటలో బొటనవేలు పొడుగునా ఒకసారి, అడ్డంగా ఒకసారి పోనిచ్చాడు. జీవితమంతా చేసిన వంపులే అవి. తలెత్తాడు.

“అయితేమ్మా, అద్దం పక్కకు తిరిగితే ఏమయితాది?”

“తిరిగితే ఉన్న వంకర పోకపోగా కొత్త వంకర...” అంటూనే బల్ల మీది కళ్ళజోడు వైపు చూశాను.

“గుండ్రటి అద్దమే గదా, ఎట్టా పెట్టినా ఒకటే అనుకున్నానమ్మా” అన్నాడు.

కళ్ళజోడు చేతిలోకి తీసుకొని, అద్దంలోంచి కిటికీ చువ్వను చూస్తూ మెల్లగా తిప్పాను. యాక్సిస్ తప్పితే చువ్వ విరిగినట్టు పక్కకు జరిగి కనిపిస్తుంది. ఎవరికైనా నిమిషం పని. కుడి అద్దం సగం అడ్డం తిరిగి ఉంది, ఎడమది కొంచెం. పిల్ల కళ్ళను పదేపదే పరీక్షించిన దాన్ని, పిల్ల పెట్టుకున్న అద్దాన్ని ఒక్కసారీ చూడలేదు. చూడకుండానే అబద్ధమన్నాను. నా మాట పట్టుకొనే అతను కొట్టాడు.

అద్దాల మీద ఇంకుతో యాక్సిస్ గుర్తు పెట్టిచ్చాను. మస్తాన్ జేబులోంచి చిన్న కత్తి తీసి, గుర్తుకు సరిగ్గా అద్దాలు తిప్పి, మళ్ళీ కదలకుండా అంచుల్లో సన్నటి చెక్కపేళ్ళు దిగ్గొట్టాడు. తన చేత్తోనే కూతురికి పెట్టాడు. షమీమ్ నేల చూసింది, చార్టు చూసింది, చివరి వరస దాకా చదివేసింది. మస్తాన్ నేల మీద కూలబడి పిల్లను దగ్గరికి తీసుకొని, ఉర్దూలో ఏదో అంటూ ఏడ్చాడు. నేనూ ఆపుకోలేకపోయాను. “తప్పు నాదేనమ్మా” అన్నాను.

“అయితే నేను అబద్ధం చెప్పలా గదా?” అంది షమీమ్.

“చెప్పలేదు తల్లీ.”

“కాగితం మీద రాసియ్యి. మా అమ్మకూ, సారుకూ చూపించాల.”

నంబర్లు రాసే చీటీ తీసుకొని, ‘షమీమ్ అబద్ధం చెప్పలేదు’ అని రాసి, కింద సంతకం పెట్టాను. నాలుగుగా మడిచి లంగా బొడ్లో దోపుకుంది. మర్నాడు బడికి వెళ్ళిందని, చీటీ సారు చేతే పైకి చదివించిందని తరవాత మస్తాన్ చెప్పాడు.

అప్పటి నుంచి, అద్దాలు పడటం లేదని ఎవరొచ్చినా ముందు వాళ్ళ కళ్ళజోడు అడిగి తీసుకొని చూస్తాను. వచ్చిన మనిషి ఏ పని చేసేవారైనా వాళ్ళ పనిలోని వస్తువే పట్టుకొని విషయం చెబుతాను, బయట ఎంతమంది ఉన్నా సరే. పిల్లల కళ్ళ గురించి నాకు చాలానే తెలుసనుకునేదాన్ని. కానీ ఆ నేల ఒరిగిపోయిందో లేదో తెలిసింది ఆ గదిలో షమీమ్ ఒక్కదానికే.