సుగ్గికి పోయిన మనిషి ఓటు

మా అంగడి కోడుమూరు బస్టాండుకు నాలుగడుగుల దూరంలో ఉంది. ఉప్పూ పప్పూ అమ్మేచోట ఓట్ల గొడవేమిటని మా నాయన ఉంటే కసిరేవాడు. అయినా మొన్నటి ఎన్నికల ముందు మేం ఆరుగురం కలిసి, ఓటు లేనివాళ్లకు దరఖాస్తులు రాసిపెట్టే పని నెత్తికెత్తుకున్నాం. మాకు పెద్ద దిక్కు, కల్లూరులో ఉండే ఒక రిటైరైన హెడ్మిస్ట్రెస్; అందరం టీచరమ్మ అనేవాళ్లం. ప్రతి శనివారం పొద్దున్నే బస్సు దిగి నేరుగా వచ్చి, నా కుర్చీలోనే కూర్చునేది. నాకు ఒళ్లు మండేది.

నియమాలన్నీ ఒక కాగితం మీద రాసి నా గల్లాపెట్టె పైన గోడకు అతికించింది. ఖాళీ ఫారం మీద ఎవరి చేతా సంతకం చేయించుకోకూడదు, ఒకరి బదులు ఒకరు అసలే పెట్టకూడదు. మనం రాయడం వరకే. ఆ ఫారాన్ని బడి దగ్గర కూర్చునే ఓటర్ల జాబితా ఉద్యోగికి ఎవరిది వాళ్లే ఇచ్చుకోవాలి, మనం కట్టగట్టి తీసుకుపోతే ఒప్పుకోరు. ఎవరికి వేస్తావని నోరు జారి కూడా అడగొద్దు. ఒక ముసలాయనకు నేను టీ చెప్పబోతే దానికీ అడ్డం పడింది.

"ఎలక్షన్ పూట నీ టీకి నూరు అర్థాలు తీస్తారప్పా, వద్దు" అంది.

అంగడికి వచ్చిన మనిషికి టీ ఇవ్వకపోవడం మా ఇంటావంటా లేదు. పానకంలో పుడకలా ఈవిడెక్కడ దొరికిందిరా అనుకున్నాను.

మా చుట్టుపక్కల పల్లెల్లో వానపంట అయిపోగానే పని ఉండదు. కూలీలు లారీలెక్కి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. దాన్ని సుగ్గికి పోవడం అంటాం. పోయేముందు ఇంటి తాళంచెవులు, అంటే మా మాటలో బీగాలు, కార్డులన్నీ ఉన్న సంచి, నమ్మకమైన అంగట్లో ఇచ్చి పోతారు. మా నాయన కాలం నుంచి ఆ సంచులు మా గోడ మేకులకు వేలాడుతూనే ఉన్నాయి. ఎవరిది ఏ మేకో నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. అది నాకు గొప్పే.

అలా ఇరవై ఏళ్లుగా బీగాలు ఇచ్చిపోయే ఒకామె ఉంది. మొగుడు లేడు, ఒంటరి మనిషి. ఆ ముందటి ఎన్నికల్లో ఎండలో రెండు గంటలు వరసలో నిలబడితే, జాబితాలో పేరు లేదని వెనక్కి పంపారు. సుగ్గి రోజుల్లో తనిఖీకి వచ్చినవాళ్లు ఇంటికి తాళం చూసి, ఊరొదిలి పోయిందని రాసుకున్నారట. వెనక నిలబడినవాళ్లు నవ్వారని నాతో చెప్పి ఏడ్చింది.

"పుట్టినూర్లో నేను ల్యానంటే యట్లప్పా? ఈసారి నా పేరు ఎక్కియ్యాల" అంది.

కూలికి పోయి తిరిగొచ్చే మనిషి ఊరొదిలినట్టు కాదని, అది నియమంలోనే ఉందని టీచరమ్మ గట్టిగా చెప్పింది. ఫారం రాద్దామనుకునేలోపే లారీ వచ్చేసింది. "నేను చూసుకుంటాలే, నువ్వు పో" అన్నాను. ఆమె సంచి మేకుకు తగిలించి పోయింది.

నెల గడిచింది. ఆదివారం సాయంత్రం ఐదు దాటితే ఇక ఆ ఎన్నికలకు పేరు ఎక్కదన్నారు. శనివారం పొద్దున అంగడి తెరవగానే ఆ సంచి కనబడి, ఆమె ఫారం రాయనే లేదని గుర్తొచ్చింది. ఫోన్ చేద్దామనుకున్నాను. రెండు రోజుల కూలి పోగొట్టుకుని అంత దూరం నుంచి ఏం వస్తుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సంచిలో ఆధార్ ఉంది, ఫొటో ఉంది. ఫారం నింపాను. ముద్ర వేసేచోట, అంగడి స్టాంపు ప్యాడు మీద నా ఎడమ బొటనవేలు అద్ది నొక్కేశాను. సిగ్గుపడలేదు, పైగా పుణ్యం చేశాననుకున్నాను.

టీచరమ్మ వచ్చింది. ఫారాలు ఒక్కొక్కటే తిరగేస్తూ ఆ ఫారం దగ్గర ఆగింది.

"సుగ్గికి పోయిన మనిషి ఎప్పుడొచ్చి ఏలు పెట్టింది?"

నేను తేలు కుట్టిన దొంగలా పప్పు డబ్బాలు సర్దడం మొదలుపెట్టాను.

"నీ బొటనేలు యాంటికి నీలంగా ఉండాది?"

నాకు కోపం వచ్చింది. "పేరు పోతే ఎవరికి నష్టం? ఆమెకే కదా! నేనేం తిన్నానా?" అని అరిచాను. ఆమె అరవలేదు. ఫారం చివర ఉన్న వాక్యం మీద వేలు పెట్టి చూపింది. తప్పు చెప్పి సంతకం పెడితే శిక్ష అని అక్కడే అచ్చేశారు.

"రేపు ఎవరన్నా అడిగితే, ఈ ముద్ర నాది కాదని ఆమె చెప్పాల. అప్పుడు పేరూ పోతాది, నిజమైన మనిషి అబద్ధమైపోతాది. ఫోన్ చెయ్యి" అంది. ఫారాన్ని నా చేతే చింపించింది.

ఫోన్ చేశాను. రేపు ఐదులోపు వచ్చి ఫారం ఇవ్వాలని చెప్పాను. "వస్తాండా" అని మాత్రం అంది.

ఆదివారం నాలుగైంది, ఆమె రాలేదు. బడి వరండాలో ఉద్యోగి ఫారాలన్నీ సర్దుకుంటున్నాడు. నేను ఒక కాలు గేటు బయట, ఒక కాలు లోపల పెట్టి నిలబడ్డాను. నాలుగున్నరకు కర్నూలు బస్సు దిగి, చెంగుతో ముఖం తుడుచుకుంటూ వచ్చింది. మిరప ఘాటుకు చేతివేళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి.

ఆ వారం ఆదివారం కూడా వచ్చి గేటు పక్క అరుగు మీద కూర్చున్న టీచరమ్మ, ఆమెను అడిగి ఫారం రాసింది. నేను అలవాటుకొద్దీ, సంచితో పాటు అంగడి నుంచి తెచ్చిన స్టాంపు ప్యాడు మూత తీసి ముందుకు జరిపాను. ఆమె దాన్ని పక్కకు నెట్టింది.

"నాకు సైను వస్తాదప్పా. పొదుపు సంఘంలో నేర్చుకున్నా."

వాచిన వేళ్లతో పెన్ను పట్టుకుని, ఒక్కో అక్షరం నిలబెడుతూ తన పేరు రాసింది. ఇరవై ఏళ్లు ఆమె బీగాలు కాపాడినవాణ్ణి, ఆమెకు సంతకం వస్తుందని నాకు తెలియదు. తల ఎత్తలేకపోయాను. ఆమె ఫారం ఇచ్చి, రసీదు తీసుకుని వచ్చాక, చేసిన పని దాచకుండా చెప్పేశాను. నీలం ఇంకా పోని నా బొటనవేలి వైపు ఆమె చాలాసేపు చూసింది.

"ఇంటి బీగాలిచ్చినా గాని, నా ఏలు నీకియ్యలేదు కదప్పా" అంది మెల్లగా.

తిట్టినా బాగుండేది. ఆమె పేరు జాబితాకెక్కింది, ఎన్నికల నాడు నాకంటే ముందే ఓటేసి వచ్చింది. ఆ తర్వాత మళ్లీ సుగ్గి వచ్చింది. ఎప్పటిలాగే అంగడికి వచ్చి బీగాలు నా చేతిలో పెట్టింది. కార్డుల సంచి మాత్రం చంకన పెట్టుకుని లారీ ఎక్కింది.