ఊపిరికి వందనం చెప్పని నోరు

ప్రభువునందు ప్రియులైన సహోదరులారా, సహోదరీలారా, వందనాలు. నా పేరు ఏసోబు, మూడెకరాల మిరపతోట రైతుని. ఈ పూట నా గొంతు కాస్త గట్టిగా ఉంటుంది, ఓర్చుకోండి, నాకు కోపంగా ఉంది, ముందు నా మీదే.

ఒక ఏడాది నా మిరపకి నల్ల తామర పురుగు పడి పూత పూసింది పూసినట్టే రాలిపోతుంటే, నేను చేలో నిలబడి దేవుణ్ణి నానా మాటలూ అన్నాను. "నీకు కళ్లు లేవా ప్రభువా, ప్రతి ఆదివారం నీ మందిరానికి వచ్చింది ఇందుకా!" అని అరిచాను. ఇంట్లో నా భార్య సువార్తమ్మ అన్నం ముందు కళ్లు మూసుకుంటే, నేను అప్పటికే ముద్ద మింగేసేవాణ్ణి. "ఒక్క నిమిషం ఆగలేవా ఏందయ్యా, పెట్టినాయనకి వందనం చెప్పి తిను" అనేది. "పెట్టింది ఆయన కాదు, నా రెక్కలు" అని కసిరేవాణ్ణి. ఎంత పొగరో చూడండి!

పురుగుమందు కొట్టేటప్పుడు స్ప్రేయరు నాజిల్‌కి నలక అడ్డం పడితే మనమేం చేస్తాం? విప్పి నోట్లో పెట్టుకుని ఊదేస్తాం. మీలో ఊదని రైతు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి చూద్దాం! ఆ పురుగుకి మందు కొట్టిన రోజు నేను నాలుగుసార్లు ఊదాను, పైగా ఎదురుగాలికి మందంతా నా మీదే పడింది. చేను గట్టు మీదికి వచ్చేసరికి కళ్లు మసకలు, నోట్లోంచి చొంగ, ఒళ్లంతా చెమట, రొమ్ము మీద బస్తా పెట్టినట్టు బరువు, ఊపిరి లోపలికి రావటం లేదు సహోదరులారా! ఆటోలో పడేసి ఒంగోలు తీసుకెళ్లారు. "సొంతంగా ఊపిరి తీసుకోలేకపోతున్నాడమ్మా, మిషను పెడుతున్నాం, ఇప్పుడే ఏమీ చెప్పలేను" అని డాక్టరుగారు సువార్తమ్మతో అన్నారట.

తెలివి వచ్చేసరికి గొంతులో గొట్టం, మాట లేదు, చేతులు మంచానికి కట్టేసి ఉన్నాయి. పక్కన మిషను ఊదితే నా రొమ్ము లేస్తోంది, ఆగితే పడుతోంది. అప్పుడు తట్టింది నాకు. ఇన్నేళ్లూ ఈ పని ఎవరు చేశారు? నేను గురకపెట్టి నిద్రపోతుంటే ఎవరు చేశారు? చేలో నిలబడి ఆయన్ని తిట్టడానికి నాకు గాలి ఎవరిచ్చారు? సిగ్గుతో కన్నీళ్లు చెవుల్లోకి కారాయి. "ప్రభువా, కాయ అడగను, రేటు అడగను, ఒక్క ఊపిరి నా అంతట నన్ను తీసుకోనియ్యి, నీకు వందనం చెప్పకుండా ఇంకో ముద్ద మింగను" అని మనసులోనే ప్రార్థించాను.

మూడో రోజు పొద్దున గొట్టం తీసి, "ఇప్పుడు గాలి పీల్చు పెద్దాయనా" అంది నర్సమ్మ. పీల్చాను. వచ్చింది! దేవునికే మహిమ! తర్వాత సువార్తమ్మ చెంచాతో గంజి పోయబోతే ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, కళ్లు మూసుకున్నాను. ఆమె భోరున ఏడ్చింది. ఆ ఏడు తోట పోయింది, అయినా దేవునికే మహిమ.

ఇక నా కోపం సంగతి వినండి. పోయిన ఆదివారం ఆరాధనలో పాస్టరు అయ్యగారు "దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి" అంటే ఒక్కరంటే ఒక్కరు లేవలేదు! బయట అడిగితే "చెప్పుకోటానికి ఏముంది ఏసోబన్నా, అంతా మామూలే" అన్నారు. మామూలా? మిర్చి యార్డులో రేటు పలికితేనే సాక్ష్యమా, పిల్లాడికి ఉద్యోగం వస్తేనే సాక్ష్యమా? తెల్లారి మీ కాళ్ల మీద మీరు లేచి నిలబడటం మామూలా? కల్లంలో కాయ ఎండటానికి ఎండ కాయటం, తాగిన నీళ్లు గొంతు దిగటం మామూలా? ఆ మామూలుని ఆయన ఒక్క పూట ఆపేస్తే తెలుస్తుంది మనకి! నేను చేసిన తప్పే మీరూ చేస్తుంటే నోరు మూసుకుని ఎలా కూర్చోను?

ఆయన్ని ఇంకా ఎరగనివాళ్లు ఇక్కడ ఉంటే మీతోనూ చెబుతున్నాను, గొంతులో గొట్టం పడేదాకా ఆగకండి, ఆయన్ని నమ్ముకోండి. ఇప్పుడే, కూర్చున్నచోటే, అందరూ ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చండి. వచ్చిందా? మరింకా కూర్చున్నారేం, లేవండి!